మాత్ర ఒక చేత, బీడీ ఒక చేత

పరదరామి చుట్టుపక్కల పల్లెలకు బీడీ కొత్త వస్తువు కాదు. గుడియాత్తం ప్రాంతంలో అది కాల్చేవారి వ్యసనమే గాక, చుట్టేవారి జీవనాధారం కూడా. ఇల్లాలు చేటలో పొగాకు పోసుకొని బీడీలు చుడుతుంటే, క్షయకు మాత్రలు మింగుతున్న ఇంటి యజమాని వాటిలో ఒకటి తీసి ముట్టించుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితమే. మరి ఆరు నెలల మందు పూర్తిచేసిన వారిలోనూ కొందరికి జబ్బు ఎందుకు తిరగబెడుతున్నది?

దీనికి సమాధానం మరొక సరిహద్దు జిల్లా తిరువళ్ళూరులో దొరికింది. చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రం వారు అక్కడ నయమైన 503 మందిని 18 నెలలపాటు గమనించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. 62 మందికి వ్యాధి తిరగబెట్టింది. పొగతాగేవారికి ఆ ముప్పు సుమారు మూడు రెట్లు అధికం. మందులకు లొంగే క్రిమి సోకి, మాత్రలు తప్పక వేసుకొని, పొగ జోలికి పోనివారిలో తిరగబెట్టినది ఐదు శాతంలోపే.

మరణాల లెక్క ఇంకా కఠినం. చెన్నై నగరంలోను, విలుప్పురం జిల్లా పల్లెల్లోను జరిపిన పరిశోధన 2003లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. పొగతాగే పురుషులు క్షయతో మరణించే అవకాశం తాగనివారికన్నా నాలుగు రెట్లని అది తేల్చింది.

కారణం గ్రహించడం కష్టం కాదు. క్రిమిని మింగివేసే ఊపిరితిత్తుల రక్షక కణాలను పొగ బలహీనపరుస్తుంది. పైగా 'ఇది బీడీ దగ్గే' అనుకొని తెమడ పరీక్షకు పోవడం ఆలస్యం చేస్తారు. ఆసుపత్రి గోడమీద 'కాసనోయ్' అని తమిళంలో ఉన్నా, 'క్షయ' అని తెలుగులో ఉన్నా దగ్గు ఒకటే.

రోగి పోషణకు కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలిస్తూ, 2024 నవంబరులో దానిని 1,000 చేసింది. అందులో కొంత పెట్టెకొట్టుకు పోతే ఆ సాయానికి అర్థమేమి? 'మాత్ర వేసుకున్నావా' అని అడిగే ఆరోగ్య కార్యకర్త 'బీడీ మానావా' అని కూడా అడగవలసి ఉన్నది. చుట్టే పని మానమని ఇల్లాలికి చెప్పడం వేరు సంగతి. ప్రత్యామ్నాయ కూలి చూపకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

మానదలచిన వారికి 1800-11-2356 అనే ఉచిత టెలిఫోను సహాయం ఉన్నది. తిరువళ్ళూరులో వ్యాధి తిరగబెట్టిన 62 మందిలో 48 మందికి అది మందు ముగిసిన తొలి ఆరు నెలల్లోనే వచ్చింది. ఆ కాలంలో దగ్గు రెండు వారాలు దాటితే మళ్ళీ తెమడ పరీక్ష చేయించుకోవలసినదే.