పాస్‌పోర్టు ఏ దేశానిది?

విదేశీ సంబంధమంటే మామిడితోట అమ్మయినా పెళ్లి చేసేవాళ్లు మా రెడ్డిగూడెం వైపూ ఉన్నారు. అక్కడ అల్లుడు కొట్టాడంటే మాత్రం "దేశంకాని దేశంలో మనమేం చేయగలం?" అని ఊరుకుంటారు.

ఎందుకు చేయలేం? భారత పౌరుడు ఏ దేశంలో నేరం చేసినా మన చట్టం వర్తిస్తుంది. బోట్స్‌వానాలో భర్త వేధించాడన్న కేసు ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకెళ్లింది. కోర్టు కేసు స్వీకరించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, విచారణ సాగాలంటే మాత్రం కేంద్రం అనుమతి ఉండాలని 2011లో తీర్పొచ్చింది. 2024లో అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మెలిక ఉంది. దెబ్బలు తిన్న పిల్ల ఢిల్లీ కాగితం కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలి? దానికో గడువు పెట్టాలి.

ఇంకోమాట. అతను అక్కడి పౌరసత్వం తీసుకున్నాక అక్కడ చేసినవాటికి ఈ దారి ఉండదు. అందుకే జీతమెంతని అడిగే నోటితోనే పాస్‌పోర్టు ఏ దేశానిదో కూడా అడగండమ్మా!