ఫీజు కంపెనీది, ఐదేళ్లు ఎవరివి?



మన షోలాపూర్ సూతు మిల్లులో రింగ్ ఖాతా కార్మికుడు ఒకరు ఈమధ్య కూతురిని వెంటబెట్టుకొని యూనియన్ ఆఫీసుకు వచ్చారు. ఆ అమ్మాయి లెక్కలు ముఖ్య సబ్జెక్టుగా బి.ఎస్సీ. పాసైంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెను తీసుకుంటానంది. వారమంతా పని, సెలవు రోజుల్లో ఎం.టెక్. క్లాసులు. ఫీజు కంపెనీదే, నెలనెలా స్టైపెండు కూడా ఇస్తుంది. బదులుగా ఐదేళ్లు కంపెనీ విడవరాదు. విడిస్తే డబ్బు కట్టాలి.

"ఇల్లు గడుస్తుంది, చదువూ అవుతుంది. ఇంకేం కావాలన్నా?" అన్నాడు తండ్రి.

"నాకు లెక్కల్లో ఎం.ఎస్సీ. చేసి, కాలేజీలో పాఠం చెప్పాలని ఉంది కాకా" అంది అమ్మాయి.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే నా అభిప్రాయం అందరి ముందూ పెడుతున్నాను.

మొదటిది, ఇది దానం కాదు. సాంచాల మీద పనిచేసిన వారికి అడ్వాన్సు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సేఠ్ దగ్గర ముందుగా డబ్బు తీసుకున్నవాడు, పక్క కార్ఖానాలో మజూరీ ఎక్కువున్నా బాకీ తీరేదాకా కదలలేడు. ఫీజు కట్టి బాండు రాయించుకోవడమూ ఆ దారిలోదే. "బాండ్లు కోర్టులో నిలవవు" అనే మాట నమ్మవద్దు. 2025 మే నెలలో ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, 3 సంవత్సరాల కనీస సర్వీసు, ముందే మానేస్తే 2 లక్షల రూపాయలు అనే షరతును సుప్రీంకోర్టు సమర్థించింది.

రెండోది, డిగ్రీ ఇచ్చేది ఎవరు? యూనివర్సిటీ పేరు, ఆ కోర్సుకు ఉన్న గుర్తింపు కాగితం మీద చూడాలి. సరైన అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలను 2017లో సుప్రీంకోర్టు చెల్లవన్నది. నష్టపోయింది చదివినవారే.

మూడోది, ఎం.టెక్. చేతికి వచ్చినా అది లెక్కల ఎం.ఎస్సీ. కాదు. కాలేజీలో లెక్కలు చెప్పాలంటే మామూలుగా లెక్కల్లోనే పీజీ అడుగుతారు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యు.జి.సి. వీలు కల్పించిన మాట నిజమే. కాని వారమంతా పని, సెలవు రోజు క్లాసు, రాత్రిపూట ఇంకో చదువు అంటే మూడు షిఫ్టులూ ఒక్కరే చేసినట్టు. రూలు ఒప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోదు.

మరి ఏం చేయాలి? ఇంట్లో అప్పుండి, ఆ అమ్మాయి సంపాదన లేనిదే పొయ్యి వెలగదనుకుంటే కంపెనీలో చేరాలి. అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వారికి అప్పజెప్పవద్దు. సర్వీసు పెరిగేకొద్దీ బాండు సొమ్ము తగ్గుతుందా అని అడగాలి. కాని కష్టమో నిష్ఠూరమో రెండేళ్లు నెట్టుకురాగలిగితే, బిడ్డను తనకిష్టమైన చదువే చదవనివ్వండి. ఎం.ఎస్సీ. రెండేళ్లు, బాండు ఐదేళ్లు. ఈ లెక్క తండ్రులు వేసుకోవాలి.

పదో తరగతి కాగానే నన్ను బదిలీ కార్డు మీద మిల్లులో పెట్టారు. నీకేం ఇష్టమని ఎవరూ అడగలేదు. అడిగే స్థితి ఆనాడు మా ఇంట్లో లేదు. మన పిల్లలను అడిగే స్థితి ఈనాడు కొందరికైనా ఉంది. అది మనం పోరాడి తెచ్చుకున్న జీతం వల్ల వచ్చింది. దాన్ని వాడుకుందాం.

ఆ తండ్రిని కంపెనీ దగ్గర పదిహేను రోజులు గడువు అడగమని చెప్పాను. మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం వస్తే సంతకం పెట్టకముందే ఆఫీసుకు తీసుకురండి, కలిసి చదువుదాం. పెట్టిన తరువాత తెస్తే మేము చేయగలిగింది తక్కువ.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి