సైనికుడు వీధిలోకి వచ్చినప్పుడు

 

సైన్యం బలం యుద్ధభూమిలో తెలుస్తుంది. దాని క్రమశిక్షణ మాత్రం బజారులో తెలుస్తుంది. శత్రువు ఎదుట వెన్ను చూపని యోధుడు, తన ఊరి వీధిలో నెత్తిన గంపతో నడుస్తున్న ముసలమ్మకు దారి ఇస్తాడా లేదా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఇస్లామీయ చరిత్రలో ఒక మహా సామ్రాజ్యపు రాజధాని తరలిపోవడానికి ఈ చిన్న ప్రశ్నే ముఖ్య కారణమైంది. ఈ నెల ఆ వృత్తాంతాన్ని మీ ముందు ఉంచదలిచాను.

హిజ్రీ 218, అనగా క్రీ.శ. 833లో అబ్బాసీ ఖలీఫా అల్ ముఅతసిమ్ అధికారంలోకి వచ్చాడు. మధ్య ఆసియా నుండి తుర్కు యువకులను బానిసలుగా కొని తెప్పించి, వారితో ఒక సైన్యాన్ని నిర్మించాడు. గుర్రపు స్వారీలో, విలువిద్యలో ఆ యువకులు ఆరితేరినవారు. వారి శౌర్యాన్ని ఎవరూ శంకించలేదు. అయితే చిన్న వయసులోనే తల్లిదండ్రుల నీడకు దూరమై వచ్చినవారు వారు. బాగ్దాద్ ప్రజల భాష వారికి రాదు. ఆ నగరపు ఇరుకు సందులలో ఎలా నడవాలో, పొరుగువారితో ఎలా మెలగాలో వారికి నేర్పిన పెద్ద ఒక్కరూ లేరు. వారికి నేర్పినది ఒక్కటే - గుర్రాన్ని ఎంత వేగంగా ఉరికించాలన్నది.

ఆ తరువాత జరిగినదాన్ని చరిత్రకారుడు ఇమామ్ తబరీ వివరంగా నమోదు చేశారు. ఆ సైనికులు బాగ్దాద్ వీధులలో గుర్రాలను దౌడు తీయించేవారు. దారిన పోయే స్త్రీపురుషులను ఢీకొనేవారు. పిల్లలు డెక్కల కింద పడేవారు. సహనం నశించిన నగరవాసులు వారిని గుర్రాల మీదినుండి పడదోసి కొట్టసాగారు. కొందరు సైనికులు శవాలై కనిపించారు. సైనికులు తమ గోడును ఖలీఫాకు చెప్పుకున్నారు. ప్రజలు తమ గోడును ఎవరికి చెప్పుకోవాలి?

ఒక పండుగ నాడు ఖలీఫా నమాజు ముగించుకొని సవారీపై తిరిగి వస్తున్నాడు. దారిలో ఒక వృద్ధుడు లేచి నిలబడి, 'అమీరుల్ మోమినీన్' అని సంబోధించకుండా, సాటి మనిషిని పిలిచినట్లు 'అబూ ఇస్హాఖ్' అని పిలిచాడు. సైనికులు ఆయనను కొట్టడానికి ముందుకు దూకారు. ఖలీఫా వారిని వారించి, విషయమేమిటని అడిగాడు. ఆ వృద్ధుడు చెప్పిన మాటల సారాంశం ఇది: నీవు మాకు మంచి పొరుగువాడవు కాలేదు. ఈ మనుషులను తెచ్చి మా మధ్య నిలిపావు. వీరి వల్ల మా బిడ్డలు అనాథలయ్యారు, మా స్త్రీలు వితంతువులయ్యారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ వృద్ధుడు సైనికులను నిందించలేదు, వారిని తెచ్చినవాడిని నిలదీశాడు. పొరుగు హక్కు గురించి అడిగాడు. ఖలీఫా ఆ మాటలన్నీ మౌనంగా విని ఇంటికి వెళ్ళాడు. మరుసటి సంవత్సరం అదే పండుగ రోజున నమాజు చేయించి, అక్కడినుండే గుర్రాన్ని నగరం వెలుపలికి మళ్ళించాడనీ, ఇక బాగ్దాద్‌కు తిరిగి రాలేదనీ తబరీ ఉల్లేఖనం. హిజ్రీ 221, అనగా క్రీ.శ. 836లో బాగ్దాద్‌కు ఉత్తరాన సుమారు 125 కిలోమీటర్ల దూరంలో టైగ్రిస్ నది ఒడ్డున సామర్రా అనే కొత్త రాజధాని వెలసింది.

ప్రజల గోడు విన్నందుకు ముఅతసిమ్‌ను మెచ్చుకోవలసిందే. ఒక సామాన్యుని ఫిర్యాదుకు తలవంచి రాజధానినే మార్చుకున్న పాలకులు అరుదు. అయితే ఆయన చేసిన చికిత్స ఏమిటో కూడా చూడాలి. భౌగోళికుడు యాఖూబీ రాసిన దాని ప్రకారం, కొత్త నగరంలో తుర్కు సైనికులకు ఇతర ప్రజలకు దూరంగా ప్రత్యేక వాడలు కట్టించారు. మిగతా ప్రజలతో కలవకుండా కట్టడి చేశారు. వారికోసం బానిస స్త్రీలను కొని తెచ్చి వివాహాలు జరిపించారు. బయటివారితో వియ్యం నిషేధించారు. అంటే బాగ్దాద్ వీధులకు శాంతి దొరికింది కానీ, సైనికునికి మర్యాద అబ్బలేదు. ప్రజల కంటికి కనిపించకుండా పోయాడంతే.

దైవప్రవక్త (స) అనుసరించిన పద్ధతి దీనికి భిన్నమైనది. ఆయన శిక్షణ పొందిన యోధులు ప్రజల మధ్యనే నివసించారు, అదే మస్జిదులో, అదే వరుసలో భుజం భుజం కలిపి నిలబడ్డారు. అందుకే వారి ప్రతి కదలికకూ ఒక మర్యాద ఏర్పడింది. బాణాలు చేతబట్టుకొని మస్జిదులోగానీ బజారులోగానీ వెళ్ళేవాడు వాటి మొనలను తన అరచేతితో పట్టుకోవాలని ఆయన (స) ఆదేశించారు. ఎవరికీ గీత కూడా పడకూడదన్నది దాని ఉద్దేశం. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ద్వారా ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయుధం ధరించడానికి అనుమతి ఉంది. దాని వల్ల ఇతరులకు కలగగల హానికి బాధ్యత మాత్రం ధరించినవాడిదే.

అబూ దావూద్ గ్రంథంలోని మరో ఉల్లేఖనం మనల్ని ఉలిక్కిపడేలా చేస్తుంది. ఒక దండయాత్రలో యోధులు విడిది చేసినచోట ఇష్టానుసారం స్థలాన్ని ఆక్రమించి, తోటివారికి ఇరుకు కలిగించి, దారిని మూసివేశారు. అప్పుడు దైవప్రవక్త (స) ఒక మనిషిని పంపి చాటింపు వేయించారు. విడిదిని ఇరుకు చేసినవాడికి, బాటను అడ్డగించినవాడికి జిహాద్ పుణ్యం లేదని ఆ ప్రకటన భావం. ఇల్లూ వాకిలీ విడిచి, ప్రాణాలను పణంగా పెట్టి బయలుదేరినవారు వారు. అయినా దారికి అడ్డుపడితే ఆ త్యాగమంతా వృథా అని వారికి తెలియజేశారు!

మక్కా విజయం నాడు జరిగిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అన్సారుల నాయకుడైన హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఆవేశంలో, ఈ రోజు రక్తపాతపు రోజన్న భావం గల మాట అన్నారు. దైవప్రవక్త (స) ఆ మాటను ఖండించారు. జెండాను ఆయన చేతినుండి తీసుకొని ఆయన కుమారుడు ఖైస్ (రజి)కు ఇప్పించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒక్క మాటకే మందలింపు. అయినా జెండా ఆ ఇంటి నుండి పోలేదు. తప్పు దిద్దబడింది, మనిషి గౌరవం నిలిచింది.

సైనికుని సంసారం గురించి కూడా మన పెద్దలు ఆలోచించారు. ఒక రాత్రి హజ్రత్ ఉమర్ (రజి) మదీనా వీధులలో తిరుగుతుండగా, యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక ఇల్లాలు పడుతున్న విరహవేదన ఆయన చెవిన పడింది. తన కుమార్తె, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి తెలుసుకొని, ఏ సైనికుడినీ నాలుగు నెలలకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆజ్ఞాపించారు. కొన్ని ఉల్లేఖనాలలో ఆరు నెలలని ఉంది. భార్యాబిడ్డల ముఖం చూసి వచ్చే సైనికుడికి ఎదుటివారి బిడ్డ కూడా బిడ్డగానే కనిపిస్తుంది. సామర్రాలో సైనికుడికి ఇతర ప్రజలతో ఉండవలసిన బంధాలను తెంచివేశారు.

దాని ఫలితం ఎలా పరిణమించింది? ఆ సైన్యం పోరాడడం మానలేదు. క్రీ.శ. 838లో అమ్మూరియా కోటను జయించింది కూడా. కానీ వీధిలో సామాన్యునికి దారి ఇవ్వడం నేర్వని చేయి, ఒకనాడు సింహాసనాన్ని సైతం గౌరవించలేదు. క్రీ.శ. 861లో ఖలీఫా ముతవక్కిల్‌ను ఆయన సొంత అంగరక్షకులే రాత్రివేళ హతమార్చారు. తరువాతి తొమ్మిదేళ్ళు అల్లకల్లోలమే. ముస్తఈన్‌ను గద్దె దింపి, పిమ్మట చంపించారు. జీతాలు ఇవ్వలేదని సైనికులు ముఅతజ్‌ను ఈడ్చుకొచ్చి ఎండలో నిలబెట్టారు. ఆయన నిర్బంధంలోనే మరణించాడు. నమాజు, నిరాడంబరతలకు పేరుపొందిన ముహ్తదీ క్రీ.శ. 870లో సైనిక తిరుగుబాటులో ప్రాణాలు కోల్పోయాడు. క్రీ.శ. 892లో రాజధాని మళ్ళీ బాగ్దాద్‌కే చేరింది. ఆనాటి రాజధానికి గుర్తుగా నేడు సామర్రాలో శిథిలాలు, సర్పిలాకారపు మినారు మిగిలాయి.

ఇది తుర్కుల జాతి దోషమని ఎవరైనా భావిస్తే అది అన్యాయం. అదే తుర్కులు అనంతరం శతాబ్దాల పాటు ధర్మానికి అండగా నిలిచారు. లోపం పెంపకంలో ఉంది. వారికి గుర్రం ఇచ్చినవారు అదబ్ ఇవ్వలేదు. ఫిర్యాదు వచ్చినప్పుడు నేర్పడానికి బదులు దూరం పంపారు.

ఈ చరిత్రను తరగతిలో ఏళ్ళ తరబడి బోధించిన నేనే ఒకసారి ముఅతసిమ్ దారి తొక్కాను. మా మదరసా విద్యార్థులు అసర్ నమాజు తరువాత వీధిలోకి పరుగులు తీసేవారు. ఒక రోజు వారి తోపులాటలో పాల గిన్నెతో వస్తున్న ఒక పెద్దావిడ కింద పడింది. పొరుగున ఉండే రిటైర్డు ఉపాధ్యాయులొకరు వచ్చి నాకు ఫిర్యాదు చేశారు. నేను వెంటనే ఆ సమయంలో గేటుకు తాళం వేయించాను. వీధి ప్రశాంతమైంది. నా బాధ్యత తీరిందనుకున్నాను.

కొన్ని వారాల తరువాత ఆయనే ఎదురై, "మౌల్వీ గారూ, పిల్లలు అసలు కనిపించడమే లేదేమిటి?" అన్నారు. తాళం సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "నేను అడిగింది మర్యాద నేర్పమని అండీ, దాచిపెట్టమని కాదు" అన్నారు.

ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది. మరునాడు తాళం తీయించాను. పిల్లలను వెంటబెట్టుకొని ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పించాను. అప్పటినుండి రోజుకు ఇద్దరు చొప్పున ఆమెకు పాలు తెచ్చిపెట్టేవారు. తోపులాట ఒక్క రోజులో ఆగలేదు. కానీ ఆ ఇంటి ముందుకు రాగానే నడక నెమ్మదించడం నా కళ్ళతో చూశాను.

తల్లిదండ్రులారా! మన ఇళ్ళలోనూ గుర్రాలున్నాయి. వాటికి పెట్రోలు పోస్తున్నాం. షబె బరాత్ రాత్రి హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసివేయవలసి వస్తున్నదంటే, ఆరాధనలో గడపవలసిన ఘడియల్లో మన యువకులు కొందరు బైకులతో వీధులను హోరెత్తిస్తున్నందువల్లనే కదా! పోలీసులు వంతెనను మూయగలరు. మర్యాద నేర్పవలసింది ఇల్లు. జుమా నాడు మస్జిదు ముందు అడ్డదిడ్డంగా బండి నిలిపి, అంబులెన్సుకు కూడా దారి లేకుండా చేసి లోపల మొదటి వరుసలో నిలబడేవాడు, ఆ విడిదిలో వినిపించిన చాటింపును ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.

బిడ్డ చేతికి బండి తాళం ఇచ్చే ముందు, ముసలివారు అడ్డు వస్తే ఏం చేస్తావని అడగండి. ఉద్యోగం వచ్చి యూనిఫాం తొడిగే కుమారునికి, ఆ దుస్తులు చూసి జనం భయపడితే అది గౌరవం కాదని చెప్పండి. పొరుగువారు ఫిర్యాదుతో వస్తే బిడ్డను వెనకేసుకు రాకండి, దాచిపెట్టకండి. వెంటబెట్టుకొని వారి గుమ్మం వరకు వెళ్ళండి. హజ్రత్ లుఖ్మాన్ (అలై) తన కుమారునికి చేసిన హితబోధను దివ్య ఖుర్ఆన్ మనకు వినిపిస్తున్నది. అందులో నమాజుతో పాటు నడకలో మితం, గొంతులో మెత్తదనం కూడా ఉన్నాయి.

అల్లాహ్ మన చేతులలో ఉంచిన ప్రతి శక్తినీ ఇతరులకు నీడగా మలచుకునే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! మన సంతానాన్ని దారిలో అడ్డుగా కాక, దారి చూపేవారిగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.