చీకటి కావలసిన చూపు



వర్షాలు తగ్గిన అక్టోబరు మొదట్లో, రాత్రి కూటము ముగించుకొని తొర్రూరు చుట్టుపక్కల పల్లెలకు నడిచి వెళ్లేవారు పాలపుంతను చూసే ఉంటారు. నడినెత్తి నుండి నైరుతి వరకు దాని మధ్యలో పొడవునా ఒక నల్లని చీలిక ఉంటుంది. అక్కడ చుక్కలు లేక కాదు, ధూళి మేఘాలు వెనుకనున్న వెలుగును అడ్డుకుంటున్నాయి. జొన్నరొట్టెను కంటికి ఎదురుగా అంచు పెట్టి చూస్తే గీతలా కనబడుతుంది గదా! కోట్లాది నక్షత్రాల మన గెలాక్సీ కూడా అటువంటి రొట్టెయే. మనము దాని లోపల నుండి చూస్తున్నాము.

ఇలాగే అంచు మనవైపు తిప్పి ఉన్న గెలాక్సీలు దూరాన ఎన్నో ఉన్నాయి. వాటిలో పేరుపొందినది ఎన్.జి.సి. 4565. సన్నగా ఉండుటవలన సూది గెలాక్సీ అంటారు. దూరము సుమారు నాలుగు కోట్ల కాంతి సంవత్సరాలు. దీనిని 1785లో కనుగొన్న విలియం హెర్షెల్ అంతకుముందు ఇంగ్లండులోని బాత్ పట్టణములో, ఒక ప్రార్థనాలయములో ఆర్గాన్ వాయించేవాడు. పగలు సంగీతపాఠాలు చెప్పి, మిగిలిన వేళల్లో లోహపు అద్దాలు అరగదీసేవాడు. ఒకసారి పదహారు గంటలు చేయి తీయకుండా అద్దము రుద్దుతుంటే, చెల్లెలు కరొలీన్ నోటికి ముద్దలు అందించిందట. ఆమె కూడా తక్కువది కాదు. కాస్త ఏటవాలుగా ఉన్న ఎన్.జి.సి. 253ను 1783లో తానే కనిపెట్టింది.

ఇప్పుడు 12, 16, 20 అంగుళాల అద్దాలున్న దుర్భిణులతో ఔత్సాహికులు ఈ సూదిని వెదుకుతారు. పుస్తకాలలోని రంగులు ఆశించరాదు. బూడిదరంగు గీత, దాని నడుమ దారమంత నలుపు, అంతే. దానికైనా అరగంట చీకటిలో కూర్చోవాలి. సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే తేలుతుంది. ఎందుకంటే మసక వెలుగును పట్టే శక్తి కంటి నడుమకంటె పక్కల ఎక్కువ.

అయితే అద్దము ఎంత పెద్దదైనా నగరపు వెలుతురులో లాభము లేదు, ఆకాశపు తెలుపును కూడా అది పోగుచేస్తుంది గనుక. హైదరాబాదులో 1901లో మొదలైన నిజామియా వేధశాల ఉండగానే, ఉస్మానియా విశ్వవిద్యాలయము 48 అంగుళాల దుర్భిణిని 1968లో ఊరికి దూరంగా రంగాపూర్‌లో నెలకొల్పింది. డబ్బుతో అద్దము కొనవచ్చును గాని చీకటిని కొనలేము. పల్లెలకు అది ఇంకా కొంత మిగిలి ఉంది. వీధి దీపాలు వద్దని చెప్పడం లేదు, పాముల భయము మనకు తెలియనిదా? దీపానికి పైన రేకు మూత ఉంటే వెలుగు దారిమీదే పడుతుంది.

మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తర, స్వాతి నక్షత్రాల నడుమ కాస్త ఉత్తరంగా, దాదాపు నడినెత్తిన, మసక చుక్కల గుంపు ఒకటి కనబడుతుంది. సూది గెలాక్సీ దాని తూర్పు అంచున ఉంది.