మారుపేరు, మారువేషము

పూడిమడక తీరమునకు పడవ చేరినంతనే చేపల బేరము మొదలగును. అచట పత్రము లేదు, సాక్షి సంతకము లేదు. కొన్నవాడు పిదప సొమ్మిచ్చునని అమ్మినవారి నమ్మకము. ఆ నమ్మకము గ్రుడ్డిది కాదు. కొన్నవాని యిల్లెక్కడనో, వాని మేనమామ యెవరో, నిరుడు వాడు మాట నిలుపుకొనెనో లేదో ఊరంతయు నెఱుగును. ఆ నమ్మకమునకు ఊరే పూచీ.

ఇప్పుడు మనము ఆ నమ్మకమునే పూచీ లేని చోటికి గొనిపోయి వెచ్చించుచున్నాము. ఫేస్‌బుక్కులో నొకడు కోరినంతనే "మిత్రుడ"గును. వాని యూరు మన మెఱుగము, మొగ మెఱుగము. చూచిన ఛాయాచిత్రము వానిదో కాదో యెఱుగము. అయినను మిత్రుడన్న మాట చెవిని బడగానే మన మనస్సు తలుపు తీయును.

ఇది యెచటనో దూరదేశమున జరుగు ముచ్చట కాదు. పూడిమడక యున్న అచ్యుతాపురము మండలములోనే 2025 మే నెలలో అనకాపల్లి జిల్లా పోలీసులు ఒక దొంగ కాల్ సెంటరును పట్టి 33 మందిని అరెస్టు చేసిరి. వారు అమెజాన్ సంస్థవారమని చెప్పుకొని అమెరికా పౌరులను వంచించి, గిఫ్టు కార్డుల మూలమున సొమ్ము రాబట్టుచుండిరని పోలీసులు ప్రకటించిరి. అంతకు పూర్వము, 2019 డిసెంబరులో, విశాఖపట్టణమున బయల్పడిన గూఢచర్యపు కేసులో ఏడుగురు నౌకాదళోద్యోగులు పట్టుబడిరి. ఫేస్‌బుక్కులో స్త్రీల పేర పరిచయమైనవారికి వారు రహస్యములు చేరవేసిరని అభియోగము. ఆ నెలలోనే నౌకాదళము తన స్థావరములలోను ఓడలలోను ఫేస్‌బుక్కును, స్మార్ట్‌ఫోన్లను నిషేధించెను.

"బుద్ధిలేక మోసపోయిరి, అనుభవింపనిండు" అనువారు మనలో పెక్కుమంది గలరు. దేశరహస్యములు దాచుటకు శిక్షణ పొందినవారి చుట్టే ఇట్టి వల పన్నబడగా, ఒంటరి వృద్ధుడు, కాలేజీలో చేరిన బాలిక సులువుగా తప్పించుకొందురని వీరెట్లు తలచుచున్నారో మాకు బోధపడదు.

అంతకంటె ఘోరమైన దింకొకటి గలదు. మోసపోయినవాడు పోలీసులకంటె ముందు ఇంటివారికి జంకుచున్నాడు. బాలిక తన ఛాయాచిత్రము వంచకుని చేత జిక్కినదని చెప్పబోవునంతలో తల్లి "పరువు తీసితివే" యనును. ఆ జంకులో గడచిన గంటలలోనే సొమ్ము ఖాతా వెంట ఖాతా మారి మాయమగుచున్నది. 1930 అను సంఖ్యకు తత్‌క్షణమే ఫోను చేసినచో ఆ సొమ్మును ఖాతాలలో నిలిపివేయుట కవకాశము గలదు. ఆలస్యమైనకొలది ఆ యవకాశము తరుగును. వంచకుడు మన సిగ్గును మనకంటె బాగుగా నెఱుగును. మోసపోయినవారిని మనము పరిహసించిన ప్రతిసారియు వానికి కూలి లేని కొలువు చేయుచున్నాము.

వేషము వెనుకనున్న వాడును ఒక్కొక్కప్పుడు బందీయే. కంప్యూటరు ఉద్యోగములని ఆశచూపి విశాఖ ప్రాంతపు యువకులను కంబోడియాకు గొనిపోయి, అచట వారిచే బలవంతముగా సైబరు మోసములు చేయించుచున్నారని 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు వెల్లడించిరి. అచటి అట్టి నిలయములలో స్త్రీల పేర ఖాతాలు తెఱచి వలపు మాటలతో పరాయివారి నాకర్షించుటయు నొక పని. పనిలేమి మన బిడ్డలను ఆ ముసుగు వెనుకకు త్రోయుచుండగా, ముసుగును మాత్రమే తిట్టి యేమి ప్రయోజనము?

మారుపేర్లన్నియు నిషేధింపవలయునని మఱికొందఱి వాదము. దీనిని మేము సమ్మతింపము. మారుపేరు వేఱు, మారువేషము వేఱు. దంపతులిరువురు బీనాదేవి యను నొక్క పేరుతో కథలు వ్రాయగా తెలుగువా రాదరించిరి. ఎవరి సొమ్మును పోలేదు. నేడొక స్త్రీ తన పేరు దాచి మాటలాడుచున్నదన్న, పేరు తెలిసిన వెంటనే ఆమెను వేధించు మనవారే దానికి కారణము. ఐ.టి. చట్టపు 66డి సెక్షను సయితము పేరు మార్చుటను శిక్షింపదు. కంప్యూటరు మూలమున వేఱొకరినని నమ్మించి వంచించుటను మూడేండ్ల వఱకు కారాగారముతోను, లక్ష రూపాయల వఱకు జరిమానాతోను శిక్షించును.

కావున మేము కోరునది మూడు. సభ్యుల సంఖ్య చూపి ప్రకటనల వలన ధనము గడించు కంపెనీలు దొంగ ఖాతాలకు పూచీపడవలయును. ఫిర్యాదు వచ్చినను కదలని కంపెనీ ఆ వంచనలో భాగస్వామియే. మొగ మెఱుగని మిత్రునికి సొమ్ముగాని ఛాయాచిత్రముగాని పంపుటకు ముందు, మొగ మెఱిగిన యొక్కరితోనైన ఆలోచింపవలయును. అట్లు ఆలోచించుటకు వచ్చినవారిని ఇంటివారు తిట్టరాదు.

అలల నడుమ పడవ తలక్రిందులైనపుడు "ఈ గాలిలో నేల పోయితివి?" అని పూడిమడక తీరమున నెవ్వరును ముందుగా నడుగరు, ముందు త్రాడు విసరుదురు. ఒడ్డుకు చేరిన పిదప అడుగవలసినవి అడుగుదురు. మన యిండ్లలోను ఆ వరుసయే నడువవలయును.