రాత్రి తొమ్మిదింటి మాత్ర

పెళ్లింట్లో రాత్రి తొమ్మిదవుతుంది. సంచిలో మాత్రల డబ్బా ఉంటుంది. చుట్టాల మధ్య దాన్ని తీసి వేసుకునే చాటే దొరకదు. 'ఒక్క పూటకేమవుతుందిలే' అనిపిస్తుంది. హెచ్‌ఐవీ మందు తప్పేది మతిమరుపు వల్లే కాదు, ఇలా కూడా.

ఒక్క పూటకు కొంప మునగదు, నిజమే. అదే అలవాటైతేనే చిక్కు. మందు వాడని మనిషి ఒంట్లో ఈ వైరస్ రోజుకు వెయ్యి కోట్ల దాకా పుట్టుకొస్తుంది. తన నకలు తాను తీసుకోవడంలో దానికి మహా తొందర. తప్పులు దొర్లుతాయి, దిద్దుకునే ఏర్పాటు లేదు. ఆ తప్పుల్లోంచే మందుకు లొంగని మొండి రకం పుడుతుంది. రక్తంలో మందు నిండుగా ఉంటే వైరస్ పెరగదు కాబట్టి ఆ సందు దొరకదు. మందు చాలీచాలకుండా ఉన్నప్పుడే మామూలు వైరస్ అణగి, మొండిది బలుస్తుంది. ఒకసారి పుట్టాక అది ఒంట్లో ఎక్కడో నక్కి ఉంటుంది. తర్వాత బుద్ధిగా వేసుకున్నా ఆ మందు మునుపటిలా పనిచేయకపోవచ్చు. మార్చుకుందామంటే ఉన్న మందులు కొన్నే.

2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు తొలి రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో రెండు పూటలా మాత్రలు. వాటిలో నెవిరపిన్‌ను ఓడించడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు! ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర, రోజుకొక్కసారి. డోలుటెగ్రావిర్ గట్టి పిండం. గంట అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. మరి ఫలానా టైమనే పట్టుదల దేనికంటే, ముఖ్యంగా మర్చిపోకుండా ఉండడానికి. గడియారం కన్నా పళ్లు తోముకోవడం, రాత్రి భోజనం లాంటి రోజూ తప్పని పనికి ముడిపెట్టుకోవడం మేలు. ఎవరూ చూడరని అర్ధరాత్రి పెట్టుకున్నవాళ్లు నిద్రలో పోగొట్టుకుంటారు.

మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్రకు నాలుగు గంటలలోపే ఉంటే ఆగి, ఆ టైముకు ఒక్కటే. రెండూ కలిపి మింగకూడదు.

చాలామందికి తెలియంది ఇంకొకటుంది. మాత్ర టైముకే వేసుకున్నా, గ్యాస్‌కని తాగే యాంటాసిడ్ దాన్ని ఒంటబట్టనివ్వదు. యాంటాసిడ్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం బిళ్లలైతే అన్నంతో పాటు కలిపి వేసుకోవచ్చు. క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లకు డోలుటెగ్రావిర్ రెండు పూటలా అవసరం. అందుకే వేరే జబ్బుకు వేరే డాక్టరు రాసిన చీటీ కూడా ఏఆర్‌టీ కేంద్రంలో చూపించాలి.