జాయిస్ నవలలో నీరు, రెక్కలు, సందేహం

నవలలోని ప్రతీకలకు అర్థాల పట్టిక తయారుచేసే అలవాటొకటి మన తరగతి గదుల్లో పాతుకుపోయింది. పక్షి అంటే స్వేచ్ఛ, నీరంటే శుద్ధి, అంతటితో పాఠం సమాప్తం. జేమ్స్ జాయిస్ 1916లో ప్రచురించిన 'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్' వంటి నవలకు ఈ పద్ధతి తీరని అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం.

కథానాయకుడు స్టీఫెన్ దెదలస్ జెసూట్ గురువుల పాఠశాలల్లో పెరిగిన ఐరిష్ కాథలిక్ బాలుడు. అతని ఇంట క్రిస్మస్ విందులో, దివంగతుడైన దేశనాయకుడు పార్నెల్ గురించి పెద్దలు ఘోరంగా కలహిస్తారు. ఒకరికి మతాచార్యుల మాట వేదం, మరొకరికి వారు దేశద్రోహులు. తండ్రి కళ్ళలో నీళ్ళు చూసి బాలుడు నివ్వెరపోతాడు. సందేహం అతని ఇంట్లోకి తర్కం ద్వారా రాలేదు. తాను ప్రేమించే పెద్దలే ఒకరినొకరు ద్వేషించుకోవడం చూసినప్పుడు వచ్చింది.

తరువాత భయం వచ్చింది. ఫ్రాన్సిస్ జేవియర్ (గోవాలో ఎవరి భౌతికకాయం ఉన్నదో ఆ మహనీయుడే) స్మారకంగా జరిగిన ధ్యానదినాలలో నరకవర్ణన విని వణికిపోయిన స్టీఫెన్, పాపసంకీర్తనం చేసి, ఇంద్రియాలను ఒక్కొక్కటిగా దండించడం మొదలుపెడతాడు. తన ప్రార్థనలు స్వర్గంలోని గల్లాపెట్టెలో నమోదవుతున్నాయని ఊహించుకుంటాడు. నవల మొత్తంలో నాకు మిక్కిలి భయంకరంగా తోచిన ప్రతీక ఇదే. నరకాగ్నికంటే ఈ గల్లాపెట్టెయే భక్తిని నిశ్శబ్దంగా చంపింది. పుణ్యాన్ని లెక్క కట్టేవారు మన దగ్గరా తక్కువ కాదు గదా!

ఇక నీటి సంగతి. మొదటి అధ్యాయంలో తోటి విద్యార్థి త్రోసివేయగా స్టీఫెన్ పడిన గుంటలో నీరు చల్లగా, జిగటగా, అసహ్యంగా ఉంటుంది. జ్వరం తెప్పిస్తుంది. నాలుగవ అధ్యాయంలో, పురోహితవృత్తి స్వీకరించమన్న ఆహ్వానాన్ని మనసులోనే త్రోసిపుచ్చినవాడు సముద్రతీరంలో పాదరక్షలు విడిచి నీటిలో నడుస్తాడు. అక్కడ నీళ్ళలో నిలిచిన ఒక అమ్మాయి అతనికి కడలిపక్షిలా కనిపిస్తుంది. చర్చిని విడిచిన క్షణంలోనే అతనికి జరిగినది మరొక జ్ఞానస్నానం! విశ్వాసం పోయింది, దాని భాష పోలేదు.

మన ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దంలో 'ధ్వన్యాలోకం'లో చెప్పిన వ్యంగ్యార్థం ఇక్కడ ఉపకరిస్తుంది. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు పల్లె ఒడ్డున ఉందని గ్రహిస్తాం. అయినా ఆ చల్లదనం, ఆ పావనత్వం అదనంగా స్ఫురిస్తాయి. 'ఒడ్డున' అని సరిచేసి చెబితే వాక్యం సక్రమమవుతుంది, గంగ మాత్రం ఎండిపోతుంది. పట్టికలో వ్రాసిన ప్రతీకకు పట్టే గతి అదే.

చివరి అధ్యాయంలో మిత్రుడు క్రాన్లీ అడుగుతాడు: తల్లి కోరుతున్నది గనుక ఈస్టరుకు దివ్య సత్ప్రసాదం తీసుకుంటే నీకేం పోతుంది? స్టీఫెన్ ఒప్పుకోడు. తాను నమ్మడమూ లేదు, నమ్మకపోవడమూ లేదంటాడు. ఆ ప్రసాదం నిజంగానే దైవశరీరమేమోనన్న భయం తనలో ఉన్నదనీ అంగీకరిస్తాడు. నమ్మనివాడికి ఆ ముద్ద మింగడం సులభం. సగం నమ్మినవాడికే అది కష్టం. కనుక స్టీఫెన్ నిరాకరణలో నాకు నాస్తికత్వంకంటే ఒక వక్రమైన భక్తియే ఎక్కువ కనిపిస్తుంది. అయినా తల్లి కన్నీటికి అతడు చెల్లించిన వెల ఏమీ లేదన్న బాధ నన్ను వదలదు.

జాయిస్‌కూ ఆ బాధ ఉందనుకుంటాను. దెదలస్ అన్న పేరు రెక్కలు చేసిన గ్రీకు శిల్పిది. కాని నవల ముగింపులో స్టీఫెన్ ఆ శిల్పిని 'తండ్రీ' అని పిలుస్తాడు. పిలిచినవాడు కొడుకు గదా! ఆ పురాణంలో కొడుకు ఇకరస్ సూర్యుడికి దగ్గరగా ఎగిరి సముద్రంలో కూలిపోతాడు. 1922 నాటి 'యులిసీస్'లో స్టీఫెన్ డబ్లిన్‌కు తిరిగి వచ్చి ఉంటాడు. మరణశయ్యపై ఉన్న తల్లి కోరినా మోకరిల్లి ప్రార్థించలేదన్న తలపు అతణ్ణి దహిస్తూ ఉంటుంది.

రెక్కలంటే స్వేచ్ఛ అని పట్టికలో వ్రాసుకున్న విద్యార్థికి ఈ పతనం కనిపించదు. ఆ రెక్కలను అతికించినది మైనం అన్న సంగతి కూడా చెప్పినప్పుడే పాఠం పూర్తవుతుంది.

మిత్రులారా, క్రాన్లీ ప్రశ్నకు మీ సమాధానమేమిటి?